ఆరు పడవలు... ఒకటే ఏరు!

పల్లెటూళ్లో పొలం పంచడమంటే గొలుసు పట్టి కొలవడం ఒక్కటే కాదు. మూడెకరాలు ముగ్గురికి తలా ఎకరం అంటే వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ ఒక ఎకరం కాలవ కింద ఉంటుంది, ఇంకోటి మెరక మీద. మూడోది ఏటి ఒడ్డున ఒండ్రు నేల. అందుకే తెలిసిన పెద్దమనుషులైతే ప్రతి చెక్కనీ మూడు ముక్కలు చేయిస్తారు. కాలవ కింద అందరికీ కాస్త, మెరకలో అందరికీ కాస్త. వానలు ముఖం చాటేసినా ఏరు పొంగినా ఏ ఒక్కడూ పూర్తిగా మునగడు. దున్నుకోవడానికి చిన్నచిన్న ముక్కలు ఇబ్బందే, నిజమే. కానీ అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానెయ్యరు!

సరిగ్గా ఈ పద్ధతినే షేర్ల మార్కెట్లో 'ఈక్వల్‌ వెయిట్‌' అంటారని కెనడా నుంచి కూతురు చెబితే మాస్టారు ఫోనులోనే నవ్వేశారు. ''దీనికి ఇంగ్లిషు పేరు కూడానా తల్లీ'' అని.

ఆయనది చెవిటికల్లు. కంచికచర్ల మండలంలో కృష్ణ ఒడ్డునున్న ఊరు. 2022 దాకా కృష్ణా జిల్లా, ఆ తర్వాత ఎన్టీఆర్‌ జిల్లా. అటు నందిగామ, ఇటు జగ్గయ్యపేట చుట్టుపక్కల బళ్లలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఒక్కతే కూతురు. టొరంటో పక్కన మిస్సిసాగాలో ఉంటుంది. భార్యాభర్తలిద్దరూ సాఫ్ట్‌వేరే. పెన్షను ఉంది కాబట్టి మాస్టారికి తిండికీ మందులకీ లోటు లేదు. మెరక చెక్క ఒకటి అమ్మగా చేతికొచ్చిన 18 లక్షలే అసలు సమస్య. పెద్ద జబ్బు చేస్తే ఆదుకోవాల్సింది అదే, ఏ జబ్బూ చెయ్యకపోతే మనవరాలికి మిగలాల్సిందీ అదే.

లెక్కల మాస్టారు కదా, ఆ డబ్బుని ఆయన నాలుగు బ్యాంకుల్లో వేశారు. ఒక్కోదాంట్లో నాలుగున్నర లక్షలు. అయిదు కాకుండా నాలుగున్నరే ఎందుకంటారా? ఏదైనా బ్యాంకు మూతపడితే డిపాజిటుదారుకి బీమా కింద వచ్చేది 5 లక్షల వరకే. 2020 ఫిబ్రవరికి ముందు అదీ లక్షే. పైగా ఆ అయిదు లక్షల్లో అసలూ వడ్డీ రెండూ కలిసే ఉంటాయి. కాబట్టి వడ్డీకి చోటు వదిలి మిగిలింది వేశారన్నమాట. ఏడాదికోసారి నాలుగు రసీదులూ తిరగరాయించడం, ఏ బ్యాంకులోనూ లెక్క 5 లక్షలు దాటకుండా వడ్డీని పక్కకి తియ్యడం... ఆయనకదో పండగ. ఈక్వల్‌ వెయిట్‌ అన్న మాట వినకముందే ఆయన ఈక్వల్‌ వెయిట్‌ మదుపరి.

చిక్కల్లా 2025లో వచ్చింది. రిజర్వు బ్యాంకు ఆ ఒక్క ఏడాదిలోనే రెపో రేటుని ఆరున్నర నుంచి అయిదుంపావుకి దించింది. ఇళ్ల అప్పులున్నవాళ్లు సంతోషించారు. డిపాజిట్ల మీద బతికేవాళ్ల రసీదుల్లో మాత్రం వడ్డీ శాతం తగ్గుతూ వచ్చింది. మూడో రసీదు తిరగరాయించి వచ్చిన రోజు మాస్టారు కూతురితో ఆ మాటే అన్నారు. ఆ అమ్మాయి అదే అదనుగా, ''నాన్నా, బ్యాంకులో వెయ్యడం కాదు, బ్యాంకునే కొనుక్కోండి'' అంది.

కెనడాలో ఆ అమ్మాయి చేస్తున్నది అదే మరి. అక్కడ జనం చెప్పుకునే పెద్ద బ్యాంకులు ఆరు. రాయల్‌ బ్యాంక్‌, టీడీ, బ్యాంక్‌ ఆఫ్‌ మాంట్రియల్‌, స్కోషియా, సీఐబీసీ, నేషనల్‌ బ్యాంక్‌. దేశంలో బ్యాంకు వ్యాపారమంతా దాదాపు వీటి చేతుల్లోనే ఉంటుంది. 2008లో అమెరికా బ్యాంకులు పేకమేడల్లా కూలుతుంటే వీటిల్లో ఒక్కటీ పడిపోలేదు. బ్యాంక్‌ ఆఫ్‌ మాంట్రియల్‌ అయితే 1829 నుంచి డివిడెండు ఆపిందే లేదు. ఈ ఆరింటి షేర్లనీ ఒకే బుట్టలో పెట్టి, ఆ బుట్టని ముక్కలు చేసి స్టాక్‌ ఎక్స్ఛేంజిలో అమ్మే ఫండ్‌ ఒకటి 2009 అక్టోబరులో మొదలైంది. బీఎంఓ ఈక్వల్‌ వెయిట్‌ బ్యాంక్స్‌ ఇండెక్స్‌ ఈటీఎఫ్‌ దాని పేరు. మార్కెట్లో 'జెడ్‌ఈబీ' అంటే చాలు. నిర్వహణ ఖర్చు కింద ఏడాదికి వంద డాలర్లకు పావు డాలరు పైచిలుకు తీసుకుంటుంది. నెలనెలా కాస్త డివిడెండు పంచుతుంది. తెలుగు పిల్లలు చాలామందిలాగే ఈ అమ్మాయీ 2009లో కెనడా ప్రభుత్వం తెచ్చిన పన్నులేని పొదుపు ఖాతాలో ఆ యూనిట్లు కొనిపెట్టుకుంది.

దీన్లో విశేషం సమానంగా పంచడమే. మామూలు ఇండెక్స్‌ ఫండ్‌ అయితే బ్యాంకు ఎంత పెద్దదైతే అంత పెద్ద పీట వేస్తుంది. కెనడా ఆరు బ్యాంకుల మొత్తం మార్కెట్‌ విలువలో రాయల్‌, టీడీ రెండిటిదే దాదాపు సగం. ఆ లెక్కన వంద డాలర్లు పెడితే సగం ఆ రెండిట్లోకే పోతాయి. ఈక్వల్‌ వెయిట్‌లో అలా కాదు. రాయల్‌కీ 16 డాలర్ల 67 సెంట్లే, అన్నింట్లో చిన్నదైన నేషనల్‌కీ అంతే. రోజులు గడిచేకొద్దీ కొన్ని షేర్లు పెరుగుతాయి, కొన్ని తగ్గుతాయి, వాటాలు చెదిరిపోతాయి. ఏడాదికి రెండుసార్లు ఫండ్‌ వాళ్లు పెరిగినవాటిలో కొంత అమ్మి, తగ్గినవాటిని కొని మళ్లీ సమానం చేస్తారు.

''అంటే లావైన కొడుకు కంచంలోంచి తీసి బక్కోడి కంచంలో వెయ్యడమా?'' అన్నారు మాస్టారు.

''అలాగే అనుకోండి. టీడీ సంగతే చూడండి నాన్నా...''

టీడీ కథ చెప్పుకోదగ్గదే. నల్లధనం తమ బ్యాంకు గుండా పారుతున్నా పట్టించుకోలేదన్న కేసులో 2024 అక్టోబరులో ఆ బ్యాంకు అమెరికాలో నేరం ఒప్పుకుంది. జరిమానా దాదాపు 300 కోట్ల డాలర్లు. పైపెచ్చు అమెరికాలో వ్యాపారం ఇంతకుమించి పెంచడానికి వీల్లేదని గీత గీశారు. ఆ ఏడాది మిగిలిన అయిదు బ్యాంకుల షేర్లూ పైకి లేస్తే టీడీ ఒక్కటే కిందికి దిగింది. మనుషులైతే ఏం చేస్తారు? 'పాడు బ్యాంకు' అని తిట్టుకుని అమ్మేస్తారు. ఫండ్‌కి కోపతాపాలు ఉండవు. పెరిగిన సీఐబీసీ, రాయల్‌లలో కొంత అమ్మి, పడిన టీడీని కొంది. 2025లో అదే టీడీ మిగతావాటికంటే వేగంగా ఎగబాకింది. కూతురు ఈ ముక్క చెబుతున్నప్పుడు గొంతులో గర్వం దాచుకోలేకపోయింది. ఆ తెలివి తనదే అన్నట్టు!

మాస్టారు ఊరుకోలేదు. ''పడినదాన్ని కొన్నారు, లేచింది. బావుంది. లేవకపోతే?''

ఆ ప్రశ్న ఊరికే వచ్చింది కాదు. తెలుగువాళ్లకి బ్యాంకు షేర్ల అనుభవం తక్కువేం కాదు. సికింద్రాబాద్‌ కేంద్రంగా 1994లో గ్లోబల్‌ ట్రస్ట్‌ బ్యాంకు మొదలైనప్పుడు షేర్ల కోసం జనం ఎగబడ్డారు. కొత్తతరం ప్రైవేటు బ్యాంకు, మన గడ్డ మీద పుట్టింది... ఇంకేం కావాలి! పదేళ్లు తిరిగేసరికి, 2004 జులై 24న దాని మీద మారటోరియం పడింది. ఆగస్టు 14కల్లా ఓరియంటల్‌ బ్యాంక్‌ ఆఫ్‌ కామర్స్‌లో కలిపేశారు. డిపాజిటుదారులకి పైసా పోలేదు. షేర్లు కొన్నవాళ్లకి పైసా రాలేదు. 2020 నవంబరులో లక్ష్మీ విలాస్‌ బ్యాంకుని డీబీఎస్‌లో కలిపినప్పుడూ అదే తంతు. డబ్బు దాచుకున్నవాళ్లు క్షేమం, వాటాదారుల వాటా సున్నా. యెస్‌ బ్యాంకు పోలేదుగానీ 2018లో 400 రూపాయల దాకా వెళ్లిన షేరు 2020 మార్చిలో ఒక దశలో పది రూపాయల లోపుకి వచ్చింది. అది బ్యాంక్‌ నిఫ్టీలో ఉన్న షేరే.

కూతురు చెప్పిన 'బ్యాంకునే కొనుక్కోండి'లో దాగున్న మెలిక ఇదే. చాలామంది పెద్దవాళ్లకి ఈ తేడా ఎవరూ విడమరచి చెప్పరు. డిపాజిటు వేసినవాడు బ్యాంకుకి అప్పిచ్చినవాడు. అతనికి తీర్చాకే మిగతా కథ. షేరు కొన్నవాడు యజమాని. లాభం వస్తే అందులో భాగం, మునిగితే ఆఖరి వరసలో నిలబడాలి. కౌంటరు ఒకటే, లోపల వరసలు వేరు. డిపాజిటు వడ్డీ తగ్గిందని బ్యాంకు షేరుకి మారడమంటే ఒక రసీదు బదులు ఇంకో రసీదు తెచ్చుకోవడం కాదు, వరసలో ముందు నుంచి వెనక్కి వెళ్లి నిలబడటం.

అలాగని మాస్టారికి షేర్లంటే భయమేం లేదు. 2001లో ఆంధ్రా బ్యాంకు మొదటిసారి పబ్లిక్‌ ఇష్యూకి వచ్చినప్పుడు పది రూపాయల చొప్పున వెయ్యి షేర్లు కొన్నారు. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో బందరులో పెట్టిన బ్యాంకు, మన జిల్లా బ్యాంకు అన్న అభిమానమే తప్ప వేరే లెక్కేం వెయ్యలేదు. చాలా ఏళ్లు డివిడెండు వచ్చింది. 2020 ఏప్రిల్‌ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్‌ బ్యాంకులో కలిసిపోయింది. ప్రతి వెయ్యి షేర్లకీ యూనియన్‌ బ్యాంకువి 325 ఇచ్చారు. అప్పుడు ఆ షేరు ధర 30 రూపాయల లోపే. అంటే 19 ఏళ్ల కింద పెట్టిన పదివేలు పదివేలకు కూడా రాలేదు. ఆ తర్వాత 2023లో షేరు వంద దాటింది, అది వేరే సంగతి. ఆయన బాధపడింది డబ్బుకి కాదు. పాసుపుస్తకం మీద పేరు మారినందుకు.

''అందుకేగా నాన్నా ఒక్క బ్యాంకుని నమ్ముకోవద్దనేది'' అంది కూతురు. ఆ మాట నిజమే. ఆరింట్లో ఒకటి పూర్తిగా పోయినా ఈక్వల్‌ వెయిట్‌లో పోయేది ఆరోవంతు. పెద్దదానికి పెద్దపీట వేసే ఫండ్‌లో రాయల్‌ లాంటిది పడితే అంతకు రెట్టింపు దాకా దెబ్బ తగలొచ్చు. అయితే ఇందులోనూ ఓ తిరకాసుంది. చిన్న బ్యాంకు పడితే లెక్క తలకిందులవుతుంది. దాని స్థాయికి మించి పెట్టాం కాబట్టి ఎక్కువ పోయేది సమానంగా పంచినవాళ్లకే. పైగా పడిపోతున్నదాన్ని ఆరు నెలలకోసారి ఇంకాస్త కొంటూ పోవడం టీడీ విషయంలో తెలివి, గ్లోబల్‌ ట్రస్ట్‌ లాంటిదాని విషయంలో చిల్లుకుండలో నీళ్లు. ఏది ఏదో ముందే తెలిస్తే ఈ ఫండ్లే అక్కర్లేదు!

మరి మన దగ్గర? బ్యాంకు ఈటీఎఫ్‌లు మనకి కొత్తేం కాదు. దేశంలో మొదటి ఈటీఎఫ్‌ నిఫ్టీ బీస్‌ 2001 డిసెంబరు ఆఖర్లో వస్తే, 2004లోనే బ్యాంక్‌ బీస్‌ వచ్చింది. కాకపోతే అవి బ్యాంక్‌ నిఫ్టీ వెంట నడుస్తాయి, బ్యాంక్‌ నిఫ్టీలో పెద్దదానికే పెద్దపీట. 2025 మధ్యలో చూస్తే హెచ్‌డీఎఫ్‌సీ, ఐసీఐసీఐ రెండూ కలిసే సగానికి పైగా. పేరుకి డజను బ్యాంకులు, బరువంతా రెండింటిదే. ఇది బాగోలేదని సెబీకీ అనిపించినట్టుంది. డెరివేటివ్‌ వ్యాపారం జరిగే ఇలాంటి సూచీల్లో కనీసం 14 కంపెనీలుండాలి, ఏ ఒక్కదాని వాటా 20 శాతం మించకూడదు, మొదటి మూడూ కలిపి 45 దాటకూడదు అని నిబంధన పెట్టింది. బ్యాంక్‌ నిఫ్టీ 2026 మార్చి ఆఖరికల్లా నాలుగు విడతల్లో మారాలని 2025 అక్టోబరులో చెప్పింది. అచ్చంగా సమానం చెయ్యలేదుగానీ, లావు కొడుకు కంచం కాస్త తగ్గించారు.

మాస్టారు ఇవన్నీ పాత డైరీలో రాసుకున్నారు. వారం రోజులు ఏం మాట్లాడలేదు. ఆ వారంలో ఆయనకి గుర్తొచ్చింది బ్యాంకులు కాదు, లారీలు!

2021 ఆగస్టు. ఇసుక కోసం చెవిటికల్లు దగ్గర కృష్ణలోకి దిగిన లారీలు... ఒకటీ రెండూ కాదు, వందకు పైగా. ఎగువ నుంచి ఉన్నట్టుండి వరద వచ్చింది. ఏట్లో వేసిన దారి కోతకు గురైంది. లారీలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. డ్రైవర్లనీ క్లీనర్లనీ పడవల మీద ఒడ్డుకి చేర్చారు. ఊరి జనం గట్టు మీద నిలబడి చూశారు. వరస కట్టిన లారీలు, చుట్టూ నీళ్లు. అవన్నీ ఒక్క యజమానివేం కాదు. కొత్త లారీ ఉంది, డొక్కు లారీ ఉంది. జాగ్రత్తగా నడిపే డ్రైవరున్నాడు, తాగి నడిపేవాడూ ఉండే ఉంటాడు. నీళ్లొచ్చినప్పుడు ఆ తేడాలేవీ లెక్కలోకి రాలేదు.

మర్నాడు ఫోనులో ఆయన అడిగింది ఇదే. ''ఒక లారీ పాడైతే మిగతావి ఉన్నాయంటున్నావ్‌. బాగానే ఉంది. ఏరే పొంగితే?''

ఈ ప్రశ్నకి జవాబు ఎక్కడో వెతకనక్కర్లేదు. 2020 ఫిబ్రవరిలో 30 వేలపైన ఉన్న బ్యాంక్‌ నిఫ్టీ, కరోనా భయంతో మార్చి 23 నాటికి 17 వేల దిగువకు వచ్చింది. మంచి బ్యాంకూ పడింది, చెడ్డ బ్యాంకూ పడింది. అదే నెలలో కెనడా ఆరు బ్యాంకుల షేర్లూ కట్టగట్టుకుని పడ్డాయి. ఇంకా సూటిగా చెప్పే ఉదాహరణ అమెరికాది. అక్కడ ప్రాంతీయ బ్యాంకులు వందకు పైగా ఉన్న ఈటీఎఫ్‌ ఒకటుంది, 'కేఆర్‌ఈ' అంటారు. అదీ ఇంచుమించు సమానంగా పంచే పద్ధతే. 2023 మార్చి 10న సిలికాన్‌ వ్యాలీ బ్యాంకు మూతపడినప్పుడు, వందలో ఒకటి పోతే ఏమవుతుందిలే అనుకున్నవాళ్లకి ఆ నెల తిరిగేసరికి పెట్టుబడిలో నాలుగోవంతుకు పైగా కరిగిపోయింది. ఒక బ్యాంకు పడటం వల్ల కాదు, మిగతావీ అలాగే పడతాయేమోనన్న భయం వల్ల. డిపాజిట్లు ఎత్తుకుపోయే జనానికి ఏ బ్యాంకు వాటా ఎంతో పట్టదు.

వంటింట్లోంచి ఇంతసేపూ వింటున్న మాస్టారి భార్య అప్పుడు అందుకున్నారు. ''మిరపకి రేటొచ్చిందని ఊళ్లకి ఊళ్లు మిరపే వేస్తే ఏమైంది? ఒకడు నాలుగు చోట్ల నాలుగు చెక్కలేశాడు. నాలుగూ మిరపే. రేటు పోయాక నాలుగేంటి, పదేంటి!'' ఆవిడ అన్నది 2025 మొదట్లో సంగతి. రెండేళ్ల కిందట క్వింటా 20 వేలు దాటి పలికిన మిర్చి అప్పుడు పడిపోతే, కేంద్రం 11,781 రూపాయల ధర ప్రకటించి ఆదుకోవాల్సొచ్చింది. సుబాబుల్‌ వేసినవాళ్లనడిగినా ఇలాంటి కథే చెబుతారు.

కూతురు కాసేపు మాట్లాడలేదు. తండ్రి ఇంకో మెట్టు ముందుకెళ్లారు. లెక్కల మాస్టార్లు అంతే, జవాబు వచ్చినా సరి చూడమంటారు. ''సరే, నీ లెక్క చెప్పు. నువ్వు పనిచేసే కంపెనీకి పని ఇచ్చేది ఎవరు?''

''బ్యాంకులే నాన్నా.''

''అల్లుడిగారికి?''

''...ఆయనకీ అంతే.''

''ఇంటి అప్పు?''

ఇంటి అప్పూ ఆ ఆరింట్లో ఒకదానిదే. 2021లో చవక వడ్డీకి తీసుకున్నది. కెనడాలో వడ్డీ సాధారణంగా అయిదేళ్లకోసారి కొత్త రేటుకి మారుతుంది. 2020లో పావు శాతానికి దిగిన అక్కడి రిజర్వు బ్యాంకు రేటు 2023 జులైకి 5 శాతానికి ఎక్కింది, 2025 అక్టోబరుకి రెండుంపావుకి వచ్చింది. ఎంత తగ్గినా 2021 నాటి వాయిదా మళ్లీ రాదు. అంటే జీతం ఆ బ్యాంకుల మీద, అప్పు ఆ బ్యాంకుల దగ్గర, దాచుకున్నదీ ఆ బ్యాంకుల్లోనే. చెడ్డరోజు వస్తే ఉద్యోగం పోవడం, షేరు పడటం ఒకే నెలలో జరుగుతాయి. ఫండ్‌లో ఆరోవంతు, ఆరోవంతు అని ఎంత సమానంగా పంచినా, ఇంటి లెక్కలో మాత్రం అంతా ఒకవైపే ఒరిగి ఉంది. ఫండ్‌ తప్పేం కాదది. ఒక రంగాన్ని కొనిపెడతానని చెప్పింది, ఆ రంగాన్నే కొనిపెట్టింది. దాన్ని ఎంత పట్టుకోవాలో, ఇంకేమున్నాయో చూసుకోవాల్సింది కొన్నవాళ్లు.

ఆ రాత్రి భార్యాభర్తలిద్దరూ కూర్చుని లెక్కలు చూసుకున్నారట. పొదుపులో ముప్పాతిక భాగం జెడ్‌ఈబీలోనే ఉన్నట్టు తేలింది. నెలనెలా డివిడెండు వస్తుంటే ముద్దొచ్చి అదే కొంటూ పోయారు. అమ్మెయ్యలేదు. కొత్తగా వేసేది మాత్రం ఏ ఒక్క రంగానికీ కట్టుబడని ఫండ్‌లోకి మళ్లించారు. ఆర్నెల్ల వాయిదాలకి సరిపడా డబ్బు విడిగా, ముట్టుకోకుండా పెట్టాలనుకున్నారు. అందులో ఇప్పటికి రెండు నెలలది జమైంది.

మాస్టారు? నాలుగు డిపాజిట్లనీ కదపలేదు. 'వరసలో ముందున్న చోటు వదులుకోను' అనేశారు. అయితే ఏడాదికి వచ్చే వడ్డీలో నాలుగోవంతు మాత్రం కూతురి మాటకి వదిలారు. పాత డీమ్యాట్‌ ఖాతా ఉండనే ఉంది, ఆంధ్రా బ్యాంకు షేర్లు యూనియన్‌ బ్యాంకువిగా మారి పడున్నది అందులోనే. దాంట్లో బ్యాంకు ఈటీఎఫ్‌ యూనిట్లు కొన్ని కొన్నారు. అసలు పోయినా మందుల ఖర్చుకి ఇబ్బంది లేనంత, లాభం వస్తే మనవరాలికి చెప్పుకోగలిగినంత.

కొన్న మర్నాటి నుంచీ ఉదయం తొమ్మిదింపావు అయ్యేసరికి ఆయన ఫోను తీస్తున్నారు. ధర చూస్తారు, డైరీలో రాస్తారు. ఎర్రగా ఉన్న రోజు భార్యకి చెప్పరు. ఆవిడ అడగరు కూడా. కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టే చప్పుడుని బట్టి ఆవిడకి తెలిసిపోతుంది.